రెండు దేశాల మోకాలు

గాలిమరల కొండ మీద ప్రమాదం జరిగిన పొద్దు సుజాత ధర్మవరంలో డిగ్రీ పిల్లలకు అర్థశాస్త్రం పాఠం చెబుతూ ఉంది. అటెండరు తరగతి గది దాకా వచ్చి ఫోను చేతికిచ్చాడు. ముదిగుబ్బ నుంచి నాయన తిప్పన్న. గొర్రెల వెంట తిరిగే మనిషి కాబట్టి ఆయన మామూలుగా మాట్లాడినా కేక వేసినట్టే ఉంటుంది. ఆ రోజు మాత్రం మెల్లగా మాట్లాడాడు.

"తమ్మునికి కాలు మీద ఏందో పడిందంట మ్మా. బెంగుళూరికి తీస్కపోతాండారు. నువ్వు నేరుగా ఆడికే పో."

దేవేంద్ర ఐటీఐ చదివి, ఒక విదేశీ కంపెనీ గాలిమరల మరమ్మతు జట్టులో పనిచేస్తున్నాడు. నడుముకు తాడు బిగించుకొని, మర స్తంభం లోపలి నిచ్చెన పట్టుకొని కొన వరకు ఎక్కేవాడు. వేరుశనగ వేస్తే విత్తనం కూడా తిరిగిరాని ఆ నేలలో, నెల తిరిగేసరికి జీతం తెచ్చే మనిషి ఆ ఇంట్లో అతనొక్కడే. సుజాతకు పెళ్లయి ధర్మవరంలో కాపురం. ప్రైవేటు కాలేజీలో ఆమెకిచ్చే జీతం ఆమె ఇంటికే చాలీచాలదు.

ఆ రోజు కొండ మీద పగుళ్లిచ్చిన రెక్కను క్రేనుతో కిందికి దించుతున్నారు. గాలి ఉన్నట్టుండి వాలు మారింది. రెక్క మొదటి భాగం ఊగి వచ్చి, కింద తాళ్లు పట్టుకొని నిలబడ్డ ఇద్దరినీ లారీ పక్కకు అదిమేసింది. ఒకడు దేవేంద్ర. రెండోవాడు మార్కోస్, స్పెయిన్ నుంచి వచ్చిన ఇంజనీరు.

ఇద్దరికీ కాలు మోకాలి పైదాకా తీసేశారు. దేవేంద్రకు ఎడమది, మార్కోస్‌కు కుడిది. ఆసుపత్రిలో ఇద్దరి మంచాలూ పక్కపక్కనే. మార్కోస్ ముదిగుబ్బలో ఉన్నన్నాళ్లూ నేర్చుకున్న తెలుగు రెండు మూడు మాటలే. పొద్దున కళ్లు తెరవగానే ఈ మంచం వైపు తిరిగి "ఏమప్పా" అనేవాడు. దేవేంద్ర కూడా "ఏమప్పా" అనేవాడు. తక్కిందంతా వచ్చీ రాని ఇంగ్లీషులో జరిగేది. ఇద్దరూ ఒకే తాడు చివర నిలబడి దెబ్బ తిన్నవాళ్లు. వాళ్లు మాట్లాడుకుంటుంటే సుజాత బయటికి వెళ్లి వరండాలో కూర్చునేది.

ఒకనాడు కంపెనీ పెద్దాయన ఒకరు విమానం దిగి నేరుగా ఆసుపత్రికి వచ్చాడు. రెండు మంచాల మధ్య నిలబడి, ఇద్దరి భుజాల మీదా చేతులు వేశాడు. "మా కంపెనీలో మనిషికీ మనిషికీ తేడా లేదు. ఈయనకు ఏం చేస్తామో ఆయనకూ అదే చేస్తాం" అన్నాడు. ఆ మాట సుజాత స్వయంగా విని, నాయనకు ఫోను చేసి చెప్పింది. తిప్పన్న ఫోనులోనే దండం పెట్టాడు.

మార్కోస్‌ను వాళ్ల దేశానికి తీసుకుపోయారు. దేవేంద్ర గాయానికి చీము పట్టింది. మళ్లీ కోశారు. చట్టప్రకారం ఇన్సూరెన్సు నుంచి వచ్చిన డబ్బంతా ఆ రెండో ఆపరేషనుకూ మందులకూ కరిగిపోయింది. గాయం మానాక బెంగుళూరులోని కృత్రిమ అవయవాల కేంద్రానికి వెళ్లారు. అక్కడ కాళ్లు అమర్చే జయరాజు ఓపిక గల మనిషి. రెండు రకాల మోకాళ్లు తెచ్చి ముందు పెట్టాడు. ఒకటి ఇక్కడే తయారయ్యే మామూలు మోకాలు. ఇంకొకటి జర్మనీ నుంచి రావాలి. దాని లోపల చిన్న కంప్యూటరు ఉంటుంది. నేల ఎత్తుపల్లాలను బట్టి అదే బిగుసుకుంటుంది, అదే వదులవుతుంది.

"కొంచెంసేపు ఇది వేసుకొని నడిచి చూడప్పా" అని పరీక్ష కోసం ఉంచిన జర్మనీ మోకాలు కట్టాడు జయరాజు.

దేవేంద్ర కమ్మీలు పట్టుకొని నడిచాడు. తర్వాత వదిలేసి నడిచాడు. ఏటవాలు చెక్క మీదికి ఎక్కి, దిగి, మళ్లీ ఎక్కాడు. "అక్కా, దీంతో చేన్లో సాళ్ల మీద కూడా పోవచ్చు" అన్నాడు. ప్రమాదం తర్వాత అతని ముఖంలో ఆ వెలుగు సుజాతకు కనబడటం అదే మొదటిసారి. ధర ముప్పై లక్షల దగ్గర ఉంది గానీ, కంపెనీవాళ్ల మాట గుర్తుండటంతో ఆమె బయటికి ఏమీ అనలేదు. మార్కోస్‌కు అప్పటికే సరిగ్గా అదే మోకాలు పెట్టారని ఫోనులో తెలిసింది.

కంపెనీ తరఫున ఇంద్రాణి అనే ఆమె బెంగుళూరు నుంచి కారులో ముదిగుబ్బకు వచ్చింది. మర్యాద తెలిసిన మనిషి. చెప్పులు వాకిట్లోనే విడిచి, తల్లి హనుమంతమ్మ ఇచ్చిన మజ్జిగ తాగి, దేవేంద్రను ఆరోగ్యం అడిగి, అప్పుడు కాగితాలు తీసింది. చట్టానికి సంబంధం లేకుండా కంపెనీ తనంతట తాను ఇచ్చే సాయం ఇది అని చెప్పింది. ఇద్దరికీ సమానంగా ఇస్తున్నామంది.

సుజాత కాగితం చదివింది. మళ్లీ చదివింది.

"మార్కోస్‌కు ఎంతిచ్చినారు మేడమ్?"

"అరవై వేల యూరోలు. ఈయనకూ అరవై వేలే."

"ఈడ రూపాయల్లో రాసింది ఇరవై లక్షలు కూడా లేదు కదా. అరవై వేల యూరోలంటే అరవై లక్షల దగ్గర రావల్ల."

"అది బ్యాంకు రేటు మేడమ్. కంపెనీ అన్ని దేశాల్లోనూ కొనుగోలు శక్తి ప్రకారం ఇస్తుంది. స్పెయిన్‌లో ఒక యూరోకు వచ్చే జీవనం ఇండియాలో ముప్పై మూడు రూపాయలకు వస్తుంది. అందుకని యూరోకు ముప్పై మూడు."

సుజాతకు ఆ మాటలు కొత్తవి కావు. కొనుగోలు శక్తి సమానత. ప్రతి ఏడూ ఆ పాఠం చెప్పేది ఆమే. మారకం రేటు చూసి పేద దేశపు బతుకును కొలవకూడదని, ఆ దేశంలో సరుకుల ధరలు చూసి కొలవాలని ఎన్నిసార్లు చెప్పిందో. ఆ కొలత న్యాయమైనదని నమ్మే చెప్పింది.

"ఏమంటాండారు మ్మా?" అన్నాడు తిప్పన్న. ఆయన గడప పక్కన గొంతుక్కూర్చుని ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూస్తున్నాడు.

"ఆ దేశంలో అన్నీ పిరెం నాయనా. బియ్యం, ఇంటి బాడుగ, క్షవరం, బస్సు చార్జీ, అన్నీ. ఈడ అగ్గువ. ఆడ మూడు పెట్టి కొనేది ఈడ ఒకటి పెడితే వస్తాదంట. దాంతో మనకు మూడో వంతు దుడ్లిచ్చినా ఆయప్పకు ఇచ్చినంతే అయితాదని లెక్క."

తిప్పన్న వేళ్ల మీద లెక్క వేసుకున్నాడు. "నిజమే కదా మ్మా. ఈడ అగ్గువే కదా" అన్నాడు.

సుజాత ఇంద్రాణి వైపు తిరిగింది. "మేడమ్, బియ్యానికి మీ లెక్క సరే. ఈ దుడ్లు ఇచ్చేది కాలికి. ఆ మోకాలు జర్మనీ నుంచి రావల్ల. స్పెయిన్‌కు పోయినా, ముదిగుబ్బకు వచ్చినా దాని ధర ఒకటే. మాకు పన్ను ఇంకా ఎక్కువ పడతాది. మీరు ఇచ్చేదంతా పెట్టినా అది రాదు."

"నాకు అర్థమైంది మేడమ్. మీరు చెప్పింది సబబే. కానీ లెక్క మార్చడం నా చేతిలో లేదు. హెడ్డాఫీసు పాలసీ." ఇంద్రాణి తలవంచుకుంది. "నా జీతం వేసేదీ ఈ లెక్కలోనే. అక్కడ నా పనే చేసే ఆవిడకు..." అని ఆగిపోయింది. ఆలోచించుకొని సంతకం పెట్టమని, కొండ మీద కంపెనీ ఒప్పందం ఏడాది చివరికి ముగుస్తుందని, ఆ తర్వాత ఇక్కడి ఆఫీసు ఉండదని చెప్పి వెళ్లిపోయింది.

సుజాత ఊరుకోలేదు. అనంతపురంలో రాఘవేంద్ర అనే లాయరును కలిసింది. ఆయన కాగితాలు చూసి కళ్లజోడు తీశాడు.

"చట్టం ఇయ్యమన్నది మీకు ఇచ్చేసినారు కదమ్మా. ఇది వాళ్లు దయతో ఇచ్చేది. దయ ఇంతే ఎందుకు, ఇంకొంచెం ఇయ్యండి అని ఏ కోర్టులో అడగల్ల? మీరు వెయ్యమంటే కేసు వేస్తా. ఫీజు కూడా తీసుకుంటా. కానీ తెమిలేసరికి ఆ కంపెనీ ఈడ ఉండదు."

"ఆసుపత్రిలో అందరి ముందరా చెప్పినాడు సార్, ఇద్దరికీ ఒకటే అని."

"ఒకటే ఇచ్చినామంటాండారు కదా" అన్నాడు రాఘవేంద్ర. ఆ మాటలో వెటకారం లేదు. కాగితాలు మడిచి తిరిగిచ్చాడు.

ఆమె కంపెనీ హెడ్డాఫీసుకు ఈమెయిలు రాసింది. జయరాజు ఇచ్చిన ధర కాగితం జతచేసింది. స్పెయిన్‌లో ఆ మోకాలు ధరెంతో మార్కోస్‌ను అడిగి అదీ పెట్టింది. దేశాలు దాటి అమ్ముడుపోయే సరుకుకు ఇంటి బాడుగలూ క్షవరాలూ కలిసిన సగటును వాడకూడదని, ఏ పాఠ్యపుస్తకం తెరిచినా ఈ సంగతి ఉంటుందని రాసింది. రాసినదాంట్లో తప్పులుండకూడదని ఇంగ్లీషు లెక్చరరుకు చూపించింది.

జవాబు వచ్చింది. చాలా మర్యాదగా ఉంది. దేవేంద్ర కోలుకోవాలని కోరుకున్నారు. విడివిడి వస్తువుల ధరల్లో తేడాలుండవచ్చని, సూచీ మాత్రం మొత్తం జీవనవ్యయాన్ని చూపుతుందని, ఒక్కరి కోసం మినహాయిస్తే ఇతర దేశాల ఉద్యోగులకు అన్యాయం చేసినట్టవుతుందని రాశారు. కింద ఒక పట్టిక జతచేశారు. ఇండియాలో పాలు, బ్రెడ్డు, సినిమా టికెట్టు, పనిమనిషి జీతం, అంత్యక్రియలు. ఒక్కో దాని ఎదురుగా స్పెయిన్ ధర. పట్టికలో ఒక్కటీ తప్పు లేదు. అన్నీ ఇక్కడ చవకే.

ఆ వారమే సిలబస్‌లో కొనుగోలు శక్తి పాఠం వచ్చింది. దాటవేస్తే పరీక్షలో పిల్లలు నష్టపోతారు. సుజాత బోర్డు మీద పేరు రాసి ఎప్పటిలాగే చెప్పింది. వెనక బెంచీలోంచి సునంద అనే అమ్మాయి లేచి, "మేడమ్, బంగారం లాంటివి అన్ని దేశాల్లో ఒకే ధర కదా, మరి వాటికెట్లా?" అని అడిగింది.

"అవి దీంట్లో సరిగా ఇమడవు" అంది సుజాత.

"మరి వాటికి ఇంకో లెక్క ఉంటాదా మేడమ్?"

"ఈ పుస్తకంలో లేదమ్మా. కూర్చో." చాక్‌పీసు పట్టుకున్న చేతిని బల్ల మీద ఆన్చి, బెల్లు కొట్టేదాకా పిల్లల చేత నోట్సు రాయించింది.

ఆదివారం మార్కోస్ వీడియో కాల్ చేశాడు. సుజాత ముదిగుబ్బలోనే ఉంది. మార్కోస్ తెరలో తన వీధిని చూపిస్తూ, మెట్లు దిగుతూ, మళ్లీ ఎక్కుతూ కనబడ్డాడు. నిక్కరు వేసుకున్నాడు. నల్లటి మోకాలు మెరుస్తూ ఉంది.

"ఏమప్పా! నీ మోకాలు ఎప్పుడు?"

"వస్తాంది. వచ్చే నెల" అన్నాడు దేవేంద్ర.

"నాదీ నీదీ ఒకటే కదా? అయితే పందెం వేద్దాం. నువ్వు మీ కొండ ఎక్కు, నేను మా కొండ ఎక్కుతాను."

దేవేంద్ర నవ్వాడు. ఫోను పెట్టేశాక కర్రలు అందుకొని పెరట్లోకి వెళ్లిపోయాడు. సుజాత వెనకాలే వెళ్లి, ఎందుకు అబద్ధం చెప్పావని అడిగింది.

"ఏం చెప్పమంటావక్కా? నా కాలు నీ కాలు కంటే అగ్గువ అని చెప్పల్లనా? వాడు బాధపడతాడు. వాడు మాత్రం ఏం చేస్తాడు?"

ఆ సాయంత్రం తిప్పన్న గొర్రెలన్నీ అమ్మేద్దామన్నాడు. రోడ్డు పక్కనున్న చేను కూడా బేరం పెడదామన్నాడు. "దుడ్లు ఎంత తక్కువైతే అంత నేను చూస్తా. వానికి ఆ మోకాలే పెట్టించు మ్మా."

"వద్దు నాయనా" అన్నాడు దేవేంద్ర. "అన్నీ అమ్మి కాలు కొంటే, ఆ కాలేసుకొని యాడికి పోయేది? కొన్నేండ్లకు అది చెడిపోతాది. మళ్లా కొనల్ల. అప్పుడేం అమ్ముతావు?"

అన్నం చల్లారిపోతోందని హనుమంతమ్మ రెండుసార్లు చెప్పింది.

ఇంద్రాణి మళ్లీ వచ్చినప్పుడు దేవేంద్ర సంతకం పెట్టాడు. తనకు కంపెనీ పూర్తి న్యాయం చేసిందని, ఇక ఏమీ అడగనని కాగితంలో ఉంది. సాక్షి సంతకం సుజాత పెట్టింది. చదువుకున్నవాళ్లు ఇంట్లో ఇంకెవరూ లేరు.

ఇక్కడ తయారైన మోకాలే పెట్టించుకున్నారు. జయరాజు శ్రద్ధగా అమర్చాడు. "చదును నేల మీద దీనికేం కాదప్పా. తారు రోడ్డు మీద బాగా పోతాది. రాళ్లల్లో, దుక్కిలో మాత్రం నమ్మద్దు. మడమ గట్టిగా ఆన్చినాకనే బరువు పెట్టల్ల" అని పదే పదే చెప్పాడు.

ముదిగుబ్బలో చదును నేల ఎక్కడుంది? ఇంటి నుంచి రోడ్డెక్కాలంటేనే గుండ్రాళ్ల బాట. ఆ ఏడు తొలకరి కాస్త ముందుగా పడింది. ఊరంతా వేరుశనగ విత్తుకుంటూ ఉంటే దేవేంద్ర ఇంట్లో కూర్చోలేకపోయాడు. నాయన వద్దంటున్నా చేనికి వెళ్లి, విత్తనాలు వేసే గొర్రు వెనక నడవబోయాడు. మెత్తటి దుక్కిలో మడమ ఆనలేదు. మోకాలు ఒక్కసారిగా మడతపడింది. ముందుకు పడి, నోట్లో మన్ను నిండింది. తిప్పన్న ఎద్దులను వదిలేసి పరుగెత్తి వచ్చాడు. చంకల కింద చేతులు పెట్టి లేపబోతే, ఆ బరువుకు ఆయనా కూలబడ్డాడు. పక్క చేనివాళ్లు వచ్చేదాకా తండ్రీ కొడుకులు అలాగే సాళ్ల మధ్య కూర్చున్నారు. ఆ తర్వాత దేవేంద్ర చేను వైపు పోలేదు. బస్టాండు దగ్గర తెలిసినవాళ్ల సెల్‌ఫోను రిపేరీ అంగట్లో కూర్చోవడం మొదలుపెట్టాడు. ఊళ్లోని కుర్రాళ్లు గౌరవంగానే "అన్నా" అని పిలుస్తారు. అతను తలెత్తకుండా పని చేసి ఇస్తాడు.

మార్కోస్ ఫోను వస్తే ఎత్తడం మానేశాడు. కొన్నాళ్లకు మార్కోస్ సుజాతకు ఫోను చేశాడు. తన స్నేహితుడికి తన మీద కోపమా అని అడిగాడు. సుజాత దాచలేకపోయింది. కంపెనీ లెక్క, జర్మనీ ధర, ఇప్పుడు పెట్టిన మోకాలు, దుక్కిలో పడటం, అంతా చెప్పింది.

"నాకెవరూ చెప్పలేదు" అన్నాడు మార్కోస్. "ఇద్దరికీ సమానంగా ఇచ్చామని కంపెనీవాళ్లు నాకు లెటరు పంపారు. చదివి సంతోషపడ్డాను."

కంపెనీని తాను అడుగుతానన్నాడు. అడిగాడు కూడా. ఆయనకూ అదే పట్టిక పంపారు.

దేవేంద్ర తొడలో కండ తగ్గిపోయి, కాలిని పట్టి ఉంచే తొడుగు వదులైంది. నడిస్తే లోపల ఒరుసుకొని పుండు పడింది. తొడుగు కొత్తది చేయించాలి. అంగడి సంపాదన తిండికి సరిపోతోంది. కంపెనీ డబ్బు బ్యాంకులో వేసి, దాని వడ్డీతో బతకాలని అనుకున్నారు. దాన్ని ముట్టుకోవాలంటే అందరికీ భయం. ఈ సంగతి ఎలా తెలిసిందో, మార్కోస్ సుజాత ఖాతాకు ఐదు వందల యూరోలు పంపాడు. ఆయనకూ ఇప్పుడు సగం పనే, సగం జీతమే. చిన్న కూతురుంది. "ఎక్కువ పంపలేకపోతున్నాను, క్షమించమని చెప్పు" అని రాశాడు.

దేవేంద్ర ఆ డబ్బు వెనక్కి పంపేయమన్నాడు. మరునాడు నడవలేక అంగడికి పోలేదు. సాయంత్రానికి, "తీసుకుందాంలే అక్కా" అన్నాడు.

ఆ తర్వాతి పొద్దున ఇద్దరూ బ్యాంకుకు వెళ్లారు. కౌంటరులో ఉన్న అబ్బాయి ఖాతా చూసి, వచ్చిన మొత్తం చెప్పాడు. యాభై వేలకు కొంచెం అటూ ఇటూ.

దేవేంద్ర కర్ర మీద వాలి నిలబడి మనసులో భాగించుకున్నాడు. "యూరోకు నూరు పడింది కదక్కా" అన్నాడు.

"ఊ."

"కంపెనీ యూరోకు ముప్పై మూడే అన్నారు కదా?"

"అది వేరే లెక్క రా. ఇది బ్యాంకు రేటు."

"ఆ దుడ్లూ ఆ దేశం నుంచే వచ్చినాయి కదా?"

సుజాత చెప్పబోయింది. మారకం రేటు అంటే ఏమిటో, కొనుగోలు శక్తి అంటే ఏమిటో, ఒకటి ఎక్కడ వాడతారో, రెండోది ఎక్కడ వాడతారో వరసగా ఆమెకు తెలుసు. చెప్పినా, ఇచ్చేవాళ్లకు ఏది తక్కువైతే ఆ లెక్క తీసుకున్నారని మాత్రమే అతనికి అర్థమవుతుంది. అది తప్పని ఆమెకూ అనిపించలేదు.

"పోదాం పా. జయరాజన్న సాయంత్రం దాకే ఉంటానన్నాడు" అంది.

బెంగుళూరు బస్సు పట్టుకోవాలి. స్టాపులో మొదటి బస్సు నిండుగా వచ్చింది. మెట్టు ఎత్తుగా ఉంది. దేవేంద్ర కమ్మీ పట్టుకొని, మంచి కాలు పైన పెట్టి, రెండో కాలిని చేత్తో ఎత్తి పెట్టుకోబోయాడు. వెనక ఉన్నవాళ్లు తోసుకొచ్చారు. సుజాత రెండు చేతులూ చాచి వాళ్లను ఆపుతూ, "ఒక్క నిమిషం ఆగండప్పా, ఒక్క నిమిషం" అంటూనే ఉంది. కండక్టరు విజిల్ వేశాడు. బస్సు కదలడంతో దేవేంద్ర మెట్టు మీది కాలు దించేసుకున్నాడు.

"వెనకొచ్చేది ఖాళీగా ఉంటాదేమోలే" అని రోడ్డు పక్క బండ మీద కూర్చుని, ప్యాంటు మీద నుంచే తొడుగును సర్దుకున్నాడు.